మూడు రిపోర్టులు, ఒకే రక్తం

చి॥సౌ॥ పద్మకు పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నీవు పంపిన రక్తపరీక్షల కాగితాలు రెండుసార్లు చదివాను. మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 7.8, థైరాయిడ్ తగ్గినప్పుడు పెరిగే టీఎస్‌హెచ్ 14, మొత్తం కొలెస్ట్రాల్ 262, రక్తంలో తిరిగే కొవ్వులైన ట్రైగ్లిజరైడ్లు 310, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 36. "నలభై నాలుగేళ్లకే మూడు జబ్బులు మీద పడ్డాయి" అని నీవు వ్రాసుకున్న మాట దగ్గర మనసు చివుక్కుమంది. ముప్పై ఏళ్లకు పైగా ల్యాబులో రక్తపు గొట్టాల మధ్య గడిపినదాన్ని కనుక చెబుతున్నాను. ఆ అంకెలు వేర్వేరు కాగితాల మీద అచ్చయ్యాయే గాని, ఒకటి పెరిగితే రెండవదానిని కూడా లాగేవి. ఏది దేనివల్ల పెరిగిందో తేల్చుకోకుండా ఒక్కొక్క అంకెకు ఒక్కొక్క మాత్ర మింగి ఊరుకోవద్దని చెప్పడానికే ఈ ఉత్తరం. మందు, మోతాదు నిర్ణయించడం డాక్టరుగారి పని. ఆయనను ఏమి అడగాలో, ఏ వరుసలో అడగాలో మాత్రం నేను చెప్పగలను.

రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి తీసినప్పుడు కణాలు అడుగున గడ్డగా చేరి, పైన సీరమ్ అనే ద్రవం లేత గడ్డిరంగులో, వెనుక కాగితం పెడితే అక్షరాలు కనబడేంత తేటగా నిలుస్తుంది. షుగరు బొత్తిగా అదుపు తప్పి ట్రైగ్లిజరైడ్లు వేలల్లోకి పోయిన మనిషి సీరమ్ మాత్రం పాలలా తెల్లగా వచ్చేది. దానిని రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే పైన మీగడ తేలేది. కొత్తగా చేరిన పిల్లలకు నేను ముందుగా చూపించేది ఆ గొట్టాన్నే. నీ సంగతి అంతవరకు పోలేదు, కంగారు పడకు.

ఆ కొవ్వుకు, షుగరుకు సంబంధం ఏమిటంటే, కొవ్వుకణాలలో నిల్వ ఉన్న కొవ్వు ఇష్టం వచ్చినట్లు రక్తంలోకి జారిపోకుండా పట్టి ఉంచేది ఇన్సులినే. ఆ ఇన్సులిన్ మాట శరీరం విననప్పుడు కొవ్వు ఆమ్లాలు కాలేయానికి వెల్లువగా చేరుతాయి, కాలేయం వాటిని ట్రైగ్లిజరైడ్లుగా కట్టి మళ్లీ రక్తంలోకే పంపుతుంది, ఆ క్రమంలో హెచ్‌డీఎల్ కూడా తగ్గిపోతుంది. కాబట్టి నీ రిపోర్టులోని 310, 36 అనే రెండు అంకెలలో ముఖ్యంగా కనబడుతున్నది షుగరు చెయ్యే.

చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ లెక్క వేరు. మొత్తం కొలెస్ట్రాల్‌లో నుండి హెచ్‌డీఎల్‌ను, ట్రైగ్లిజరైడ్లలో అయిదవ వంతును తీసివేస్తే నీకు 164 వస్తుంది. చాలా ల్యాబులు ఎల్‌డీఎల్‌ను విడిగా కొలవకుండా ఇలా లెక్కకట్టే ఇస్తాయి. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క పనికిరాదు, అప్పుడు నేరుగా కొలిచే పరీక్ష అడగాలి. కాలేయ కణాల మీద ఎల్‌డీఎల్‌ను పట్టి లోపలికి లాగే గ్రాహకాలు ఉంటాయి. వాటిని కనుగొన్న బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ గ్రాహకాలను తగినన్ని తయారుచేయమని కాలేయానికి చెప్పే వాటిలో థైరాయిడ్ హార్మోన్ ఒకటి. హార్మోన్ తగ్గితే గ్రాహకాలు తగ్గి, ఎల్‌డీఎల్ రక్తంలోనే తిరుగుతుంది. ట్రైగ్లిజరైడ్లను కరిగించే ఎంజైము కూడా మందగిస్తుంది. అంటే షుగరు మొదలుపెట్టిన పనికి థైరాయిడ్ తోడైందన్నమాట. నెయ్యి పూర్తిగా మానేశానని వ్రాశావు, మంచిదే, కాని ట్రైగ్లిజరైడ్లు నెయ్యి కంటే ఎక్కువగా పెరిగేది కంచంలోని అన్నపు రాశితోను, తీపితోను. అన్నం సగానికి తగ్గించి, పప్పు, కూర పెంచు.

ఇక చేయవలసినది. ముందుగా టీఎస్‌హెచ్‌ను, థైరాయిడ్ హార్మోన్‌నే కొలిచే ఫ్రీ టీ4 పరీక్షతో కలిపి మరొకసారి చేయించమని అడుగు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నట్లయితే కనీసం రెండు రోజుల ముందే ఆపు, ఎందుకంటే అవి థైరాయిడ్ పరీక్షలను తప్పుదారి పట్టిస్తాయి. థైరాయిడ్ బాగా తగ్గినవారిలో ఎర్రకణాలు కొత్తగా పుట్టడం మందగించి, పాతవే ఎక్కువ కాలం తిరుగుతూ హెచ్‌బీఏ1సీని ఉన్నదానికంటే కాస్త ఎక్కువగా చూపవచ్చు, ఇనుము లోపపు రక్తహీనతలోనూ అంతే. కనుక 7.8 ఒక్కదానినే నమ్ముకోక, పరగడుపున, భోజనమైన రెండు గంటలకు చూసిన చక్కెరను కూడా వ్రాసి పెట్టుకో.

థైరాయిడ్ మాత్ర మొదలుపెడితే దానిని వేసుకునే పద్ధతిలోనే సగం వైద్యం ఉంది. ఈ విషయంలో నా తెలివితక్కువతనం చెబుతాను విను. నాకు మాత్ర వ్రాసిన కొత్తలో, పొద్దున్నే కాఫీతో దానిని మింగి, ఆ వెంటనే కాల్షియం మాత్ర కూడా వేసుకునేదాన్ని. టీఎస్‌హెచ్ దిగలేదు. మోతాదు 50 మైక్రోగ్రాముల నుండి 75కు, 75 నుండి 100కు పెరిగింది. పదిమంది రిపోర్టులు చదివే నాకు ఏడాదికి గాని స్ఫురించలేదు, మాత్ర కడుపులోకి పోతున్నదే గాని రక్తంలోకి చేరడం లేదని! పరగడుపున నీళ్లతో మింగి, అరగంట నుండి గంట వరకు కాఫీ కూడా ముట్టకూడదు. కాల్షియం, ఇనుము మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. ఇవి సరిచేసుకున్నాక నా మోతాదును మళ్లీ తగ్గించవలసి వచ్చింది. ఆ మందు శరీరంలో నిలకడకు రావడానికి వారాలు పడుతుంది కనుక ఆరు నుండి ఎనిమిది వారాలకు ముందు టీఎస్‌హెచ్ చూపించుకుని నిరాశపడవద్దు.

స్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర విషయంలో రెండు వైపులా జాగ్రత్త కావాలి. థైరాయిడ్ లోపాన్ని సరిచేయకుండా స్టాటిన్ మొదలుపెడితే కండరాల నొప్పులు, కండరం దెబ్బతినే ముప్పు పెరుగుతాయి. పిక్కలు పట్టేస్తున్నాయని నీవు ముందే అంటున్నావు కనుక ఆ మాట డాక్టరుగారికి తప్పక చెప్పు. అలాగని "థైరాయిడ్ సరైతే కొలెస్ట్రాల్ అదే దిగుతుంది, మాత్ర ఎందుకు" అని వాదించకు. నలభై దాటి షుగరు ఉన్నవారికి గుండె కోసమే స్టాటిన్ ఇవ్వడం వైద్యంలో స్థిరపడిన పద్ధతి. థైరాయిడ్ కుదుటపడితే ఎల్‌డీఎల్ కొంత దిగుతుందే గాని, షుగరు తెచ్చిన భాగం మిగిలే ఉంటుంది. మీ అత్తగారి టీఎస్‌హెచ్ 5.6 అని అడిగావు. వయసుతో ఆ అంకె కాస్త పెరగడం మామూలే, ఆమె కొలెస్ట్రాల్ బరువంతా దాని మీదికి నెట్టడం నాకు సమ్మతం కాదు.

ఇంకొక్క మాట మరువకు. థైరాయిడ్ తగ్గినప్పుడు ఇన్సులిన్ శరీరంలో నుండి నెమ్మదిగా పోతుంది. మాత్రతో హార్మోన్ నిండుతున్నకొద్దీ చక్కెర పైకి జరగవచ్చు, అది నీ పథ్యం తప్పినందువల్ల కాదు. దీనికి తిరగబడిన సంగతి కూడా ఉంది. మందు మారకుండానే, తిండి తగ్గకుండానే ఎవరికైనా చక్కెర మాటిమాటికీ పడిపోతుంటే థైరాయిడ్ చూపించమని చెప్పు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనంలో మన దేశపు పెద్దవారిలో షుగరు 11.4 శాతం మందికి ఉండగా, కొవ్వుల తేడా 81 శాతం మందిలో కనబడింది. మీ ఇంట్లో ఈ పరీక్షలు చేయించవలసినది నీవొక్కదానివే కాదు.

ఈసారి పరీక్షకు ముందు రాత్రి ఎనిమిదికల్లా తినడం ముగించి, ఉదయం నీళ్లు మాత్రం తాగి వెళ్లు. థైరాయిడ్ మాత్ర రక్తం ఇచ్చాకే వేసుకో. వీలైతే అదే ల్యాబు, అదే వేళ. రిపోర్టు వచ్చాక దానితో పాటు నిరుటివి కూడా పంపు, పక్కపక్కన పెట్టుకుని చూస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ