అది నూనె కాదమ్మా, మీ ఇంటి నీళ్లు

ప్రశ్న: మా అమ్మాయి లండన్ నుంచి వస్తూ ఇంగ్లిష్ బ్రేక్‌ఫాస్ట్ టీ డబ్బా ఒకటి తెచ్చింది. మన టీలాగే పొడి వేసి బాగా మరిగించి పాలు పోస్తే కషాయంలా ఉంది, నాలుకంతా వగరు. సరే, పాలు లేకుండా తాగుదామని చూస్తే పైన నూనెలాంటి తెట్టు కడుతోంది, కప్పు అంచున గోధుమరంగు గీత పడుతోంది. పొడి పాతదా బాబాయ్ గారూ, కల్తీదా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: పాతదీ కాదు, కల్తీదీ కాదు తల్లీ. ముందు ఆ తెట్టు సంగతి చూద్దాం.

విజయవాడ వన్‌టౌన్‌లో మాకు టీ పొడి కొట్టు ఉండేది. నాన్న తూకం వేస్తే నేను పొట్లాలు కట్టేవాణ్ణి. ఓ రోజు పాత ఖాతాదారు ఒకాయన అరకిలో పొట్లం గల్లాపెట్టె మీద పడేసి, 'ఇందులో ఏం కలిపావయ్యా' అని గొడవకు దిగాడు. నాన్న ఎదురు మాట్లాడలేదు. 'మీ ఇంటి నీళ్లు ఒక సీసాడు పట్టుకురండి' అన్నాడంతే. ఆ నీళ్లు ఒక గిన్నెలో, మా కుళాయి నీళ్లు ఇంకో గిన్నెలో కాచి, అదే పొట్లంలోంచి చెరో చెంచా పొడి వేశాడు. నాలుగు నిమిషాలు మూతపెట్టి, వడగట్టి, రెండు గాజు గ్లాసుల్లో పోశాడు. కుళాయి నీళ్ల టీ ఎర్రగా, వెలుతురుకు పట్టి చూస్తే అవతలి వేళ్లు కనిపించేంత తేటగా ఉంది. ఆయన తెచ్చిన బోరు నీళ్ల టీ బురద రంగులోకి తిరిగింది, కాసేపట్లో పైన పొర కట్టింది. చెంచాతో కదిపితే ఆ పొర ముక్కలు ముక్కలుగా విడిపోయింది. నూనైతే అలా విరగదు. ఆయన ఇంకేం మాట్లాడకుండా పొట్లం తీసుకుని వెళ్లిపోయాడు.

బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువ. టీలో వగరునిచ్చే పదార్థాలు ఆ కాల్షియంతో, పైన తగిలే గాలితో కలిసి పొరగా తేలతాయి. ఒక్క చుక్క నిమ్మరసం పిండి చూడండి, పొర విడిపోతుంది. మీ అపార్ట్‌మెంట్‌లో వాడకానికి వచ్చేది బోరు నీళ్లే అయితే టీకి మాత్రం మున్సిపాలిటీ కృష్ణా నీళ్లు పట్టుకోండి. ఆర్వో నీళ్లు కూడా బాగానే ఉంటాయి. అవి మరీ పదునుగా అనిపిస్తే సగానికి సగం కుళాయి నీళ్లు కలపండి. ఇది మనకే ఉన్న తంటా కాదు. ఇంగ్లండులో ఏ ఊరి నీళ్లు ఎలాంటివో చూసుకుని ఆ ఊరికి తగ్గట్టు పొడి కలిపి అమ్మిన వ్యాపారులున్నారు. కాల్షియం ఎక్కువుండే గట్టి నీళ్లకని విడిగా కలిపిన పొడులు అక్కడ ఇప్పటికీ దొరుకుతాయి.

ఇక చేదు. అది మాత్రం మీ చేతి పనే, ఏమీ అనుకోకండి. మనం రోజూ వాడే గుండ్రటి గింజల పొడి సీటీసీ. ఆకును నలిపి, చింపి, చుట్టే యంత్రంలోంచి వస్తుంది. 1930ల్లో అస్సాంలో మొదలైన పద్ధతి. ఆ గింజ చిటికెలో రంగు దించుతుంది, చిక్కటి పాలకు తట్టుకుంటుంది. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తి వగరును పట్టేసుకుంటుంది కాబట్టి ఎంత మరిగించినా మనకు చెల్లిపోతోంది. మీ డబ్బాలోది సన్నగా చుట్టిన ఆకు అయితే దాని తీరు వేరు. ఇంగ్లిష్ బ్రేక్‌ఫాస్ట్‌లో సాధారణంగా అస్సాం, సిలోన్, కెన్యా ఆకులు కలుపుతారు. అస్సాం చిక్కదనానికి, సిలోన్ నాలుకను లేపే చురుకుదనానికి, కెన్యా రంగుకు. పొయ్యి మీద పది నిమిషాలు తెర్లిస్తే ఈ మూడూ పోయి వగరొక్కటే మిగులుతుంది.

ఈసారి ఇలా చేయండి. నీళ్లు తెర్లాక పొయ్యి కట్టేయండి. కప్పుకు, అంటే సుమారు 150 మిల్లీలీటర్లకు, ఒక చెంచా ఆకు. చుట్టిన ఆకు తేలిక కాబట్టి చెంచా కాస్త గోపురంగా నింపండి. మూతపెట్టి గడియారం చూసి నాలుగు నిమిషాలు ఆగి, మొత్తం వడగట్టేయండి. గిన్నెలో ఆకు వదిలేసి రెండో కప్పు తర్వాత పోసుకుందామనుకుంటే అదే మళ్లీ కషాయం. స్ట్రాంగ్ కావాలంటే ఆకు పెంచండి, టైము పెంచొద్దు. పాలు కావాలంటే రెండు చెంచాలు చాలు. కప్పును ముందు వేడినీళ్లతో కడగాలని తెల్లవాళ్ల పద్ధతి. గుంటూరు మే నెలలో ఆ మాట చెబితే మీరు నన్ను తిడతారు, వదిలేయండి.

అన్నట్టు, ఆ డబ్బాను కారం డబ్బా పక్కన పెట్టలేదు కదా? టీ ఆకు పక్కనున్న ప్రతి వాసననూ పీల్చుకుంటుంది. ఇంగువ దగ్గర అసలే వద్దు.

ప్రశ్న: ఇంట్లోనే రెండు మూడు రకాలు కలిపి సొంత పొడి తయారుచేసుకోవాలనుంది. పాళ్లు చెబుతారా?
– ఒక విద్యార్థి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మా కొట్లో మూడు పాళ్లు అస్సాం, ఒక పాలు నీలగిరి. అస్సాం చిక్కదనానికి, నీలగిరి వాసనకు. కానీ పాళ్ల కంటే ముందు గింజ సైజు చూడు నాయనా. డస్టు, అంటే బాగా సన్నటి పొడి, పెద్దాకు కలిపితే రెండు రోజుల్లో డస్టు అడుగుకు జారుతుంది. మొదటి వారం పలచటి టీ, ఆఖరి వారం తారు. పైగా డస్టు నిమిషంలో దిగితే ఆకు నాలుగు నిమిషాలు అడుగుతుంది. ఒకే సైజువి కొనుక్కో, ముందు 100 గ్రాములే కలుపు.

ఒకసారి కుదిరిన పాళ్లు ఏడాదంతా కుదరవు. ఒకే తోట ఆకు వానకో రుచి, చలికో రుచి. పేరున్న పొడుల్లోనూ పైన పేరు అదే ఉంటుంది గానీ, లోపల ఏ తోటది ఎంతన్నది మారుతూనే ఉంటుంది. రుచి మారకుండా ఉండాలంటే పాళ్లు మారాలి. అందుకే కొత్త సరుకు వచ్చిన ప్రతిసారీ నాన్న చెంచాతో జుర్రి చూసేవాడు. ఆ చప్పుడు ఎదురు కొట్టుదాకా వినపడేది, నాకు సిగ్గేసేది. గాలితో కలిపి జుర్రితేనే వాసన ముక్కుకు ఎక్కుతుందని తర్వాత తెలిసింది.

ప్రశ్న: బ్లాక్ టీ చేసి ఫ్రిజ్‌లో పెడితే మబ్బుగా తయారైంది. పారబోయాలా?
– ఒక గృహిణి, గుణదల, విజయవాడ

జవాబు: వద్దమ్మా. చల్లబడ్డప్పుడు టీలోని కెఫీన్, రంగునిచ్చే పదార్థాలు ఒకదాన్నొకటి పట్టుకుని అలా మసకేస్తాయి. మంచి చిక్కటి టీకే ఎక్కువగా అవుతుంది. కాసిని వేడినీళ్లు పోస్తే మళ్లీ తేరుకుంటుంది. నిమ్మకాయ పిండితే రంగు తేలిపోతుంది, దానికీ కంగారుపడకండి. మా ఇంట్లో ఎండాకాలమంతా ఆ మబ్బు టీనే, రెండు పుదీనా ఆకులు వేసుకుని.