పేరు రాయకుండానే సిగరెట్ పెట్టె లోపలి రుచిని ఎలా అమ్ముతుంది?

ముఖ్యంగా రంగుతో, ఆపైన బొమ్మతో: ఆకుపచ్చ అంటే పుదీనా రుచినిచ్చే మెంథాల్, ఊదా అంటే బెర్రీ పండ్లు, లేత నీలం అంటే చల్లదనం అని కొనేవారి కంటికి ముందే అలవాటు చేసి ఉంచారు. ప్రకటనలపై ఆంక్షలు పెరిగేకొద్దీ కంపెనీలకు సిగరెట్ పెట్టె ప్రధాన ప్రచార సాధనమైంది. అది దుకాణంలో ఎదురుగా కనిపిస్తుంది, కొన్నాక జేబులో తిరుగుతుంది, పదిమంది మధ్య బల్ల మీదికి వస్తుంది. ఇంత చవకైన ప్రకటన ఇంకేముంటుంది? నొక్కితే చిట్లి రుచినిచ్చే చిన్న గోళీ ఫిల్టర్‌లో ఉండే క్యాప్సూల్ సిగరెట్ల పెట్టెలపై మెరిసే గుండ్రటి బటన్ బొమ్మ చూస్తే పొగాకు సంగతి మరిచి, నొక్కితే ఏమవుతుందో చూద్దామనిపిస్తుంది.

అమెరికాలో 2009 నాటి చట్టం మెంథాల్ మినహా మిగతా రుచుల సిగరెట్లను నిషేధించింది. ‘లైట్’, ‘మైల్డ్’ వంటి మాటలను కూడా 2010 నుంచి పెట్టెలపై వాడనివ్వలేదు. దాంతో మార్ల్‌బొరో లైట్స్ కాస్తా మార్ల్‌బొరో గోల్డ్ అయింది. మాట పోయినా, ఆ పని రంగు చేసిపెట్టింది. ఆస్ట్రేలియా 2012లో అన్ని పెట్టెలకూ ఒకే మసక రంగును తప్పనిసరి చేసింది ఇందుకే.

లేత రంగు పెట్టెలోదీ, చల్లగా తగిలేదీ తక్కువ హాని చేస్తుందని చాలామంది పొరబడతారు. మెంథాల్ గొంతు మంటను కప్పిపుచ్చుతుంది, అంతే. తారు, కార్బన్ మోనాక్సైడ్ ఎప్పటిలాగే ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. పైగా మంట తెలియదు కనుక పొగను లోతుగా పీల్చడం మరింత తేలికవుతుంది.