పట్టికలో కనబడని చీర: బైండింగుల గురించి మేనల్లుడికి

బరంపురం

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

మీ నాన్నగారి పట్టుచీరల కొట్టు కోసం మాక్ మీద నువ్వు తయారుచేస్తున్న నిల్వల ప్రోగ్రాములో, కొత్త చీరను జాబితాలో చేర్చినా తెరమీది పట్టికలో కనబడటం లేదని వ్రాశావు. లోపం పట్టికలో లేదు, జాబితాను పట్టికకు అందించే అర్రే కంట్రోలరులోనూ లేదు. జాబితాగా పెట్టుకున్న ఎన్ఎస్ మ్యూటబుల్ అర్రేలోకి చీరను నువ్వు నేరుగా చేర్చడంలో ఉంది.

తెరమీది గడులను ప్రోగ్రాములోని విలువలతో ముడివేసేవి బైండింగులు. ఆపిల్ సంస్థ 2003లో మాక్ ఓఎస్ టెన్ 10.3తో తెచ్చిన ఈ కోకో బైండింగులు రెండు ఏర్పాట్ల మీద నడుస్తాయి. కీ-వాల్యూ కోడింగ్ అంటే ధర, రంగు వంటి ఒక గుణాన్ని దాని పేరుతో అడిగి విలువను తీయడం, పెట్టడం. కీ-వాల్యూ అబ్జర్వింగ్ అంటే ఆ విలువ మారినప్పుడు, తెలుసుకోదలచినవారికి కబురు అందడం. యజమాని గుమాస్తాతో చెప్పకుండా సరుకును అరలో పెట్టేస్తే అది చిట్టాకెక్కనట్లే, కబురు పుట్టని మార్పు తెరకెక్కదు. కనుక కంట్రోలరు ద్వారానే చేర్చు, లేదా మ్యూటబుల్ అర్రే వాల్యూ ఫర్ కీ అనే పద్ధతిలో తీసుకున్న జాబితాలో చేర్చు. స్విఫ్టు భాషకు మారితే గుణాలకు ఆబ్జెసీ, డైనమిక్ అనే రెండు గుర్తులూ ఉండాలి.

నువ్వు అడగకపోయినా ఇంతకంటే ప్రమాదకరమైనది మరొకటి నీ కోడులో కనబడింది. అర్రే కంట్రోలరు నీ జాబితాను ఉన్నది ఉన్నట్టుగా చూపదు. వడపోసి, వరుస మార్చి, అరేంజ్డ్ ఆబ్జెక్ట్స్ అనే పేరుతో పట్టికకు అందిస్తుంది. మీ నాన్నగారు వెతుకుడు పెట్టెలో 'ఫోడా' అని నేత రకం పేరు కొట్టి, ధర ప్రకారం వరుస పెట్టుకున్న తరువాత, తెరమీది మూడవ వరుస నీ అసలు జాబితాలో మూడవది కానక్కరలేదు. నీ తొలగింపు మీట మాత్రం ఆ వరుస సంఖ్యనే పట్టుకుని అసలు జాబితాలోంచి తీసేస్తోంది; అంటే అమ్ముడుపోయిన చీర మిగిలి, అరలో ఉన్న చీర లెక్కలోంచి పోతుంది. వరుస సంఖ్యలను వదిలిపెట్టి, ఎంపికైన వస్తువులనే కంట్రోలరును అడిగి, వాటిని తొలగించమని దానికే చెప్పు.

ధర గడిని ఖాళీగా వదిలితే ప్రోగ్రాము ఎక్సెప్షను, అంటే దోష సంకేతం, విసురుతుందన్నావు. ఖాళీ గడి నుంచి నిల్, అంటే విలువ లేదన్న గుర్తు, వస్తుంది; పూర్ణాంకంగా ప్రకటించిన గుణం దానిని పట్టుకోలేదు. సెట్ నిల్ వాల్యూ ఫర్ కీ అనే పద్ధతిని నీ తరగతిలో వ్రాసి సున్నా పెట్టు. కీ పేర్లలో అక్షరం తప్పితే కోడును యంత్రభాషలోకి మార్చే కంపైలరు చెప్పదు, నడిచేటప్పుడే బయటపడుతుంది. భద్రపరిచే ముందు కమిట్ ఎడిటింగ్ పిలవడం మరువకు, లేకపోతే ఇంకా గడిలోనే ఉన్న చివరి అంకె పోతుంది.

బైండింగులు కోడును తగ్గిస్తాయన్నది నిజమే గాని, తప్పు జరిగినప్పుడు వెతకవలసిన చోటును దాచేస్తాయి. అందుచేత ఇదే పట్టికను ఒకసారి, పట్టిక అడిగే ప్రతి వరుసనూ నీ కోడే అందించే డేటా సోర్సు పద్ధతిలో చేతితో వ్రాసి చూడమని నా సలహా; కంట్రోలరు నీ బదులు ఏయే పనులు చేస్తోందో అప్పుడు తెలుస్తుంది. అయితే ముందు ఆ తొలగింపు మీటను సరిచేయి. దసరా బేరాలు మొదలయ్యేలోపు నకలు జాబితా మీద పరీక్షించిన తరువాతనే కొట్టులోని కంప్యూటరుకు ఎక్కించు.

ఇట్లు,
మీ మావయ్య