పియెజో దెబ్బకు పిన్ పోకుండా

ప్రశ్న: ఆర్డుయినో ఊనో (ప్రోగ్రామ్ చేసుకునే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు)తో డ్రమ్ ప్యాడ్ చేస్తున్నాను. 27 మి.మీ. పియెజో బిళ్లను (దెబ్బ తగిలితే వోల్టేజీ పుట్టించేది) నేరుగా బోర్డు మీది ఎ0 అనే అనలాగ్ ఇన్‌పుట్ పిన్‌కు కలిపాను. గట్టిగా కొడితే పిన్ పాడవుతుందా? 5.1 వోల్టుల జీనర్ డయోడ్ (ఆ వోల్టేజీ దాటకుండా ఆపేది) పెడితే చాలా?

జవాబు: పాడయ్యే ప్రమాదం ఉంది. గట్టి దెబ్బకు ఆ బిళ్ల పదుల వోల్టులు పుట్టిస్తుంది. వంగిన రేకు వెనక్కి వచ్చేటప్పుడు మైనస్ వోల్టేజీ కూడా వస్తుంది. పిన్‌కు అనుమతించిన హద్దు బోర్డు 5 వోల్టుల సప్లై కంటే అర వోల్టు పైన, సున్నా కంటే అర వోల్టు కింద. అంతే.

బిళ్ల రెండు తీగల మధ్య 1 మెగా ఓమ్ రెసిస్టర్ పెట్టండి. అది లేకపోతే చార్జి పోయే దారి లేక రీడింగ్ ఎటో తేలిపోతుంది. నల్ల తీగ గ్రౌండ్‌కు, ఎర్ర తీగ 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ మీదుగా ఎ0కు. 50 వోల్టులు వచ్చినా అందులోంచి పోయేది 5 మిల్లీ ఆంపియర్ల లోపే. ఇక ఎ0 దగ్గర రెండు బ్యాట్85 షాట్కీ డయోడ్లు, హద్దు దాటిన వోల్టేజీని పక్కకు మళ్లించడానికి. మొదటిది ఎ0కూ 5 వోల్టులకూ మధ్య, డయోడ్ ఒక చివర ఉండే గీత 5 వోల్టుల వైపు. రెండోది ఎ0కూ గ్రౌండ్‌కూ మధ్య, గీత ఎ0 వైపు. రెండూ తిరగబడితే సప్లై షార్టే, కాబట్టి పవర్ ఇచ్చే ముందు గీతలు మళ్లీ చూసుకోండి.

జీనర్ ఒక్కటే వద్దు. 5.1 జీనర్ 4 వోల్టుల దగ్గరే లీకవడం మొదలుపెట్టి సిగ్నల్‌ను తగ్గిస్తుంది, మైనస్ వోల్టేజీని 0.7 వోల్టుల దాకా వదిలేస్తుంది.

తెల్లటి సిరామిక్ మీద సోల్డరింగ్ రెండు సెకన్లలో ముగించండి. ఐరన్ ఎక్కువసేపు ఆనిస్తే వెండి పూత పెచ్చులా లేచి వస్తుంది, ఆ బిళ్ల ఇక పనికిరాదు.

ఒక దెబ్బ మూడు దెబ్బలుగా నమోదైతే, ప్రోగ్రామ్‌లో మొదటి దెబ్బ తర్వాత 40 మిల్లీ సెకన్లు రీడింగ్ పట్టించుకోకండి.