టేకు నేల పాలిష్ చెడగొట్టిన కాంట్రాక్టర్‌తో ఎలా తేల్చుకోవాలి?

భీమవరం దగ్గర తాతల నాటి ఇల్లు, పైగదిలో టేకు బల్లల నేల. పాలిష్ చేయించి నెల తిరక్కుండానే తెల్లమచ్చలు, గోడల వారగా పెచ్చులు. మిగతా డబ్బు ఇస్తేనే వచ్చి చూస్తానంటున్నాడు కాంట్రాక్టర్. ఇదేగా మీ ప్రశ్న? మూడేళ్ల కిందట మాకూ అచ్చం ఇలాగే అయింది. మాది అమలాపురం వైపు.

మిగతా డబ్బు ఇప్పుడే ఇవ్వకండి. అలాగని ఇవ్వనని కూడా అనకండి. "పని సరిచేశాక ఇస్తాను" అని వాట్సాప్‌లో రాసి పెట్టండి. నేను ఫోన్లో అరిచాను. డబ్బు ఎగ్గొట్టడానికే వంకలు పెడుతున్నానని అతను ఊళ్లో చెప్పుకున్నాడు. కాదని చూపించడానికి నా దగ్గర కాగితం ముక్క లేదు.

మాది 420 చదరపు అడుగులు, అడుగుకు 110 చొప్పున 46,200 రూపాయలు. అందులో 30,000 ముందే ఇచ్చేశాను. కార్తీకమాసంలో వాయుగుండం పట్టి నాలుగు రోజులు ముసురు. మా చెల్లి నిశ్చితార్థం దగ్గర పడిందని నేనే కానిమ్మన్నాను. పని తెలిసినవాడైతే ఆ వానలో కొట్టనని చెప్పాలి. అతను సరేనండి అని మెలమైన్ (చెక్క మీద మెరుపు కోసం కొట్టే పూత) స్ప్రే చేసేశాడు. తెల్లారేసరికి నేలంతా పాలు ఒలికినట్టు ఉంది. అడిగితే "ఎండలొస్తే అదే సర్దుకుంటుందండీ" అన్నాడు. ఎండలొచ్చాయి, అది మాత్రం సర్దుకోలేదు.

మళ్లీ చేయించే ముందు ఎందుకు చెడిందో తేల్చుకోండి. నేలంతా ఒకే తీరుగా మంచు కమ్మినట్టు ఉంటే అది గాలిలో తేమ. థిన్నర్ ఆరేటప్పుడు పైపొర చల్లబడి, ఆ తేమ అందులో చిక్కుకుంటుంది. బల్లల అతుకుల వెంబడే తెల్లబడితే చెక్కలోనే నీరుందేమో చూడాలి. మాకు ఒక మూల పెంకుల సందులోంచి వాన దిగుతోంది, ఆ సంగతే మాకు తెలియదు. తేమ కొలిచే చిన్న మీటరు ఆన్‌లైన్లో దొరుకుతుంది. ఆ మూల పెడితే 19 శాతం చూపించింది. 12 శాతం దాటితే పాలిష్ జోలికి వెళ్లొద్దని తర్వాత వచ్చిన మేస్త్రి అన్నారు.

పెచ్చుల సంగతికి వస్తే, ఆ చోట టేపు గట్టిగా అంటించి ఒక్కసారి లాగండి. చెక్క దాకా ఊడొస్తే అడుగున పాత మైనమో, నూనో, తడో ఉన్నట్టు. పై పొర ఒక్కటే వస్తే రెండు కోటింగుల మధ్య ఉప్పుకాగితం పట్టలేదన్నమాట. "మీ టేకులోనే నూనె ఉందండీ, నేనేం చేస్తాను" అన్నాడు మావాడు. టేకులో నూనె ఉన్నమాట నిజమే. అందుకే కోటింగుకు ముందు థిన్నర్‌తో తుడుస్తారు. అది చేయకుండా తప్పు చెట్టు మీదికి నెట్టడం ఏమిటి?

ఇంకోటి, గీతలు. చేతి గ్రైండర్‌తో అరగదీస్తే నేల మీద అర్ధచంద్రాల్లా గీతలు పడతాయి. ట్యూబ్‌లైటు కింద అవి కనపడవు. ఉదయం కిటికీ రెక్కలు తీసి, ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు ఫోటోలు తీయండి. పక్కన కొలత టేపు పెట్టి అంకెలు కూడా కనపడేలా తీస్తే ఇంకా మంచిది.

"మళ్లీ అరగదీసి ఇస్తాను, ఫ్రీగా" అంటే వెంటనే సరే అనకండి. పాపికొండల వైపు అడవుల నుంచి గోదావరిలో తెప్పలు కట్టి రాజమండ్రికి దించిన టేకు కావచ్చు మీది. మా నాయనమ్మ మాది అదేననేవారు. ఆ రకం బల్ల ఇప్పుడు కొనాలంటే దొరకదు. గ్రైండర్ పెట్టిన ప్రతిసారీ చెక్క తగ్గుతుంది, మేకుల తలలు బయటపడతాయి. ముందు బల్లల సందులో సన్నటి పుల్ల దించి మందం ఎంత మిగిలిందో చూసుకోండి.

మేం చేసింది చెబుతాను. ద్రాక్షారామ వైపు నుంచి ఒక పెద్ద మేస్త్రిని పిలిపించి, కాంట్రాక్టర్ ఎదురుగానే నేల చూపించాం. పనివాడి ముందు పనివాడు బుకాయించలేడు. చివరికి 16,200 అతను వదులుకున్నాడు, ఇచ్చిన అడ్వాన్స్ నేను అడగలేదు. ఆ మాట కాగితం మీద రాసుకుని ఇద్దరం సంతకాలు పెట్టాం. పెద్ద మేస్త్రి మాఘం దాకా ఆగి, చేత్తో, చెక్క గీత వెంబడే 60, 80, 120 నంబరు ఉప్పుకాగితాలు పట్టించి చేశారు. 38,000 అయింది. అంటే అదనంగా 21,800 చేతి నుంచి పోయాయి. కోర్టుల చుట్టూ తిరగడం కంటే నయమనిపించింది.

మీవాడు దారికి రాకపోతే, లోపాలన్నీ రాసి 15 రోజులు గడువిచ్చి స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న చోటే కేసు వేయవచ్చు, గడువు రెండేళ్లు. చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. బిల్లు ఇవ్వలేదంటారా, యూపీఐలో పంపిన డబ్బు, రేటు మాట్లాడుకున్న మెసేజీలు పనికొస్తాయి. వాటిని చెరపకండి.

ఈలోగా దుమ్ము పడుతుందని ఆ నేల మీద ప్లాస్టిక్ పట్టా మాత్రం పరవకండి. మేం పరిచాం. అడుగున చెమ్మ పట్టి ఇంకో నాలుగు చోట్ల తెల్లబడింది.