మండల కేంద్రంలో ఊరి కబుర్లు, రాబోయే కార్యక్రమాలు అందరికీ చేరాలంటే ఏం చేయాలి?

మీరు అడిగింది ఇది: చిన్న మండల కేంద్రం, ఊరి సమాచారం కోసం వాట్సాప్ గ్రూపు పెట్టారు, అది గుడ్ మార్నింగ్ బొమ్మలతో నిండిపోయింది, వైద్య శిబిరం సంగతి శిబిరం అయిపోయాక తెలుస్తోంది, దీన్ని ఎలా బాగుచేయాలి అని. ఇలాంటి పని దగ్గరుండి చూసుకునేవాడిగా చెబుతున్నాను. నేను ఎక్కువగా ఆంధ్ర పల్లెల లెక్కలోనే చెబుతున్నా, తెలంగాణలోనూ చాలావరకు ఇదే పద్ధతి.

ముందు గ్రూపు సంగతి. సెట్టింగ్స్‌లో మెసేజ్‌లు పంపే వీలు అడ్మిన్‌లకు మాత్రమే ఉంచండి. కబుర్లు చెప్పుకోవడానికి వేరే గ్రూపు ఉండనివ్వండి, దాన్ని ముట్టుకోవద్దు. మామూలు గ్రూపులో 1024 మంది దాకా పడతారు, కానీ అసలు ఇబ్బంది అది కాదు. గ్రూపులో చేరితే ఫోన్ నంబరు ఊరందరికీ కనబడుతుంది. అందుకే ఆడవాళ్లు చాలామంది చేరరు. పింఛను, టీకాలు, డ్వాక్రా సమావేశాలు, బడి కబుర్లు ఎక్కువగా కావలసింది వాళ్లకే. కాబట్టి వాట్సాప్ కమ్యూనిటీలోని ప్రకటనల గ్రూపు గానీ వాట్సాప్ ఛానెల్ గానీ వాడండి. వాటిలో సభ్యుల నంబర్లు ఒకరికొకరికి కనబడవు. అడ్మిన్‌లుగా ముగ్గురు చాలు. అందులో ఒకరు తప్పకుండా ఆడమనిషి అయి ఉండాలి, ముగ్గురూ ఒకే పార్టీ వాళ్లు కాకూడదు. ఇంత చిన్న ఊళ్లో ఈ రెండూ పాటించకపోతే గ్రూపు ఎంత బాగా నడిపినా సగం ఊరు నమ్మదు.

ఇక అసలు పని కబురు సేకరించడం. అది దానంతట అది రాదు, మనమే వెళ్లి అడగాలి. కరెంటు కోత గురించి ముందు తెలిసేది సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌కి, తర్వాత లైన్‌మన్‌కి. ఏ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి కరెంటు తెచ్చే లైను) మీద పని అని అడిగితే సరిపోదు, ఏ వీధులకు కరెంటు ఆగుతుందో అడగండి, ఎందుకంటే ఫీడర్ పేరు జనానికి తెలియదు. టీకాలు, గర్భిణుల పరీక్షల రోజు ఏఎన్ఎం దగ్గరా ఆశా కార్యకర్త దగ్గరా తెలుస్తుంది. పశువులకు గాలికుంటు టీకాలు ఏ వీధికి ఏ రోజు వేస్తారో పశువైద్యశాలలో రాసిపెట్టుకుంటారు. పంచాయతీ కార్యదర్శి, సచివాలయం సిబ్బంది, గుడి పూజారి, మసీదు కమిటీ, చర్చి పాస్టర్, హైస్కూలు హెడ్మాస్టర్, పాల కేంద్రం నడిపే మనిషి: వీళ్లకు వారానికొకసారి ఫోన్ చేస్తే చాలు. సంతకు ముందురోజు సాయంత్రం చేయండి. సంత రోజు చుట్టుపక్కల పల్లెలన్నీ మీ ఊరికే వస్తాయి, కబురు బయటికి పోవాల్సింది ఆ రోజే.

ప్రతి నెలా వచ్చేవి కొన్ని ఉంటాయి, వాటిని ఒకసారి రాసిపెట్టుకుంటే నెలనెలా పనికొస్తాయి. ఆంధ్రలో పింఛను ఒకటో తేదీన ఇంటి దగ్గరే ఇస్తారు, ఒకటో తేదీ ఆదివారమో సెలవో అయితే ముందురోజే పంచుతారు. ఆ ముందురోజు సంగతి తెలియక ఊరెళ్లిపోయే ముసలివాళ్లు ఉంటారు, అందుకని అలాంటి నెలల్లో మూడు రోజుల ముందే చెప్పాలి. 2025 జూన్ నుంచి రేషను మళ్లీ దుకాణాల్లోనే ఇస్తున్నారు, 1 నుంచి 15వ తేదీ దాకా, ఉదయం 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8. కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునేది సోమవారం. గ్రామసభలు సాధారణంగా జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2న పెడుతుంటారు, తెలంగాణలో 2018 చట్టం ప్రకారం రెండు నెలలకోసారి జరగాలి. ఇవి కాక మధ్యలో ప్రత్యేక సభలు కూడా వస్తాయి. 2024 ఆగస్టు 23న ఆంధ్రలోని 13,326 పంచాయతీల్లో ఉపాధి హామీ పనుల మీద ఒకేరోజు సభలు పెట్టారు. గ్రామసభ కబురు వేసేటప్పుడు తేదీ ఒక్కటే వేయకండి, చర్చకు ఏ పనులు వస్తున్నాయో కార్యదర్శిని అడిగి వేయండి. తమ వీధి కాలువ సంగతి ఉందని తెలిస్తేనే జనం కదులుతారు.

కబురు రాసే తీరు దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. 'రేపు', 'ఎల్లుండి', 'వచ్చే మంగళవారం' అని ఎప్పుడూ రాయకండి. మెసేజ్ ఫార్వర్డ్ అయి మర్నాడు చేరితే రేపు కాస్తా మారిపోతుంది. తేదీ, వారం, సమయం మూడూ రాయాలి. వారం కూడా రాస్తే తేదీలో తప్పు పడినా ఎవరో ఒకరు పట్టుకుంటారు. రాత్రి పూట కార్యక్రమాల దగ్గర ఇంకొంచెం జాగ్రత్త కావాలి. మనవాళ్లకు రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, ఫోన్‌కేమో అర్ధరాత్రితో మారుతుంది. జాతరలో తెల్లవారుజామున 3 గంటలకు రథం కదులుతుందంటే పెళ్లిపత్రికల్లో రాసినట్టే 'బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం' అని రాయండి. పండుగ తేదీల్లో పంచాంగానికీ పంచాంగానికీ తేడా వస్తుంది, తిథి రెండు రోజుల మీద పడినప్పుడు మరీను. మీ ఊరి గుడిలో ఏ రోజు చేస్తున్నారో అదే వేయండి, క్యాలెండర్ చూసి వేయొద్దు.

ఒక కబురు ఇలా ఉండాలి:

'ఫిబ్రవరి 21, శనివారం, ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 12 వరకు సంత వీధి, బీసీ కాలనీ, పాత బస్టాండు వైపు కరెంటు ఉండదు. సబ్‌స్టేషన్‌లో మరమ్మతు పని. పిండిమర, మోటారు పనులు ముందే చూసుకోండి. చెప్పినవారు: సబ్‌స్టేషన్ ఆపరేటర్, ఫిబ్రవరి 20, శుక్రవారం సాయంత్రం 5 గంటలకు.'

చివరి వాక్యం ఎప్పుడూ వదలొద్దు. ఎవరు, ఎప్పుడు చెప్పారో ఉంటే తర్వాత మార్పు వచ్చినప్పుడు ఏది కొత్తదో తెలుస్తుంది. ఫ్లెక్సీ ఫొటో తీసి పెట్టి ఊరుకోకండి. చిన్న ఫోన్లో అక్షరాలు కనబడవు, తర్వాత వెతికితే దొరకవు. బొమ్మ పెట్టినా కింద మాటలు టైపు చేయాలి. చదువురాని వాళ్ల కోసం అదే కబురు అర నిమిషం ఆడియోగా చదివి పెట్టండి.

వైద్య శిబిరమైతే స్థలం, సమయం చెప్పి వదిలేయడం తప్పు. కంటి శిబిరంలో చుక్కల మందు వేస్తే కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, బండి నడపకూడదు. అందుకే తోడుగా ఒకరు రావాలని రాయాలి. ఆధార్, పాత చీటీలు, వాడుతున్న బీపీ, షుగరు మందులు తెచ్చుకోమని రాయాలి. ఎంతమందికి చూస్తారు, టోకెన్లు ఎన్ని గంటల నుంచి అన్నది నిర్వాహకులను అడగండి. అది రాయకపోతే పొరుగూళ్ల నుంచి ఆటో కట్టించుకొని వచ్చినవాళ్లు వెనుదిరిగి పోతారు.

రక్తం కావాలనే మెసేజ్‌లు నెలలు గడిచినా తిరుగుతూనే ఉంటాయి. ఏ రక్తం గ్రూపు, ఎన్ని యూనిట్లు, ఏ ఆసుపత్రి, ఎవరికి ఫోన్ చేయాలి, ఏ తేదీ ఎన్ని గంటల వరకు అన్నవి లేకుండా వేయొద్దు. వేసేముందు ఆ నంబరుకు మీరే ఫోన్ చేయాలి. దొరికిందని తెలియగానే 'రక్తం దొరికింది, ఇక ఫోన్ చేయకండి' అని మళ్లీ వేయాలి. ఇచ్చేవాళ్ల జాబితా రాసుకుంటే ఎప్పుడు ఇచ్చారో తేదీ కూడా రాసుకోండి. మగవాళ్లకు 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజులు గడవాలి.

వేయకూడనివి కూడా ముందే తేల్చుకోండి. ప్రమాదంలో పోయినవారి ఫొటోలు, అప్పుల తగాదాలు, కుటుంబ గొడవలు వద్దు. లైంగిక నేరాల్లో బాధితుల పేరు, ఇల్లు, బడి ఏదీ బయటపెట్టకూడదు, అది నేరం. పిల్లలు తప్పిపోయారంటే 112కు (అత్యవసర నంబరు) గానీ 1098కి (పిల్లల సహాయ నంబరు) గానీ ముందు చెప్పించి, ఆ తర్వాతే కబురు వేయండి, దొరికాక ఫొటోతో సహా తీసేయండి. చావు కబురు ఇంటివాళ్లు చెబితేనే వేయండి. దూరాన ఉన్న కొడుకుకో కూతురికో ఇంకా చెప్పి ఉండకపోవచ్చు.

ఫోన్ ఒక్కదానితో ఊరంతా తెలియదు. బోర్డు పెట్టడానికి పంచాయతీ ఆఫీసు కంటే పాల కేంద్రం మేలు. రోజుకు రెండుసార్లు జనం క్యాను పట్టుకొని అక్కడ నిలబడతారు. రెండోది రేషను దుకాణం, మూడోది బస్టాండు టీ కొట్టు. ఏ3 కాగితం మీద ఐదు కబుర్లకు మించకుండా రాయండి. అంగుళం ఎత్తు అక్షరం పదడుగుల దూరం నుంచి హాయిగా కనబడుతుంది, ఒత్తులు కలిసిపోకుండా వరుసల మధ్య ఎడం ఎక్కువ ఉంచండి. ఎర్ర మార్కరు ఎండకు తొందరగా వెలిసిపోతుంది, తేదీలు నలుపులోనే రాయాలి. మైదా జిగురుతో అంటిస్తే ఆవులూ మేకలూ పీకి తినేస్తాయి. ప్లైవుడ్ పలకకు క్లిప్పులు పెట్టి, పైన పాలిథిన్ కవరు వేస్తే వానకూ ఆగుతుంది.

ఆటో మైకు పెద్ద కార్యక్రమాలకే వాడండి. నడుస్తున్న ఆటోలోంచి వినేవాళ్లకు సగం వాక్యమే అందుతుంది. అందుకని రికార్డింగు అర నిమిషం దాటకూడదు, తేదీ, చోటు రెండేసి సార్లు చెప్పాలి, ప్రతి కూడలిలో ఆటో ఆపి వినిపించాలి. ముందే పోలీసుల అనుమతి తీసుకోండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకు వాడకూడదు.

కార్యక్రమం పెట్టేవాళ్లు మిమ్మల్ని తేదీ అడిగితే సంత రోజు, నాట్ల కాలం, మార్చిలో పదో తరగతి పరీక్షల రోజులు తప్పించమనండి. ఒకే రోజు రెండు కార్యక్రమాలు పడకుండా ఒక గోడ క్యాలెండర్ మీద అన్నీ రాసుకుంటే మీకే తెలుస్తుంది. కబురు మూడుసార్లు వేస్తే చాలు: వారం ముందు, ముందురోజు సాయంత్రం, ఆ రోజు పొద్దున. గ్రూపు పైన ఒకేసారి మూడు మెసేజ్‌లు పిన్ చేయవచ్చు, 24 గంటలు, 7 రోజులు, 30 రోజులు అని గడువు ఉంటుంది. దగ్గరలో ఉన్న కార్యక్రమానికే వాటిని వాడండి.

వాయిదా పడితే పాత మెసేజ్‌ని దిద్దడం సరిపోదు. వేసిన 15 నిమిషాల దాకానే దిద్దే వీలుంటుంది, పైగా అప్పటికే ఫార్వర్డ్ అయిపోయిన కాపీలు మారవు. 'వాయిదా' అన్న మాటతో మొదలుపెట్టి, పాత తేదీ, కొత్త తేదీ రెండూ చెబుతూ కొత్త మెసేజ్ వేయండి. బోర్డు మీద పాత కాగితం తీసేయకుండా దానిమీదే అడ్డంగా 'వాయిదా' అని రాయాలి. తీసేస్తే మొన్న చదివి వెళ్లినవాళ్లు పాత తేదీకే వస్తారు. ఎన్నికల ప్రకటన వచ్చాక పార్టీల సభలు, అభ్యర్థుల పర్యటనలు ఏ ఒక్కరివీ వేయకపోవడమే మంచిది. ఓటరు జాబితా, పోలింగ్ కేంద్రం, గుర్తింపు కార్డుల సమాచారం మాత్రం బూత్ స్థాయి అధికారిని అడిగి తప్పకుండా వేయండి.