బావ తెచ్చిన బ్యాంకాక్ బొమ్మల గురించి

చి.సౌ. శారదకు మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. బావ బ్యాంకాక్ నుంచి తెచ్చిన ఆ కాగితపు బొమ్మలు, రాతి చెక్కడాల మీద కాగితం పెట్టి రుద్ది తీసేవి, పెట్టె అడుగున ఇంకా ఉన్నాయని నేను అనుకోలేదు. ఫ్రేము కట్టించేస్తానన్నావు. ఆగమ్మా. ముందు వాటిని బోర్లా తిప్పి, వెనకవైపు ఫొటోలు తీసి పంపు. పాత అట్ట, చిరిగిన చీటీ, కొట్టువాడి ముద్ర, పెన్సిల్ గీత, ఏదున్నా పారేయకు.

ఎందుకంటున్నానంటే, నా దగ్గరున్న రెండింటినీ ఫ్రేములవాడికిచ్చి చేజేతులా పాడుచేసుకున్నాను. అతను వెనకట్ట పీకి పారేసి, కాగితాన్ని హార్డ్‌బోర్డుకు జిగురుతో అంటించేశాడు. ఆ అట్ట మీదే తేదీ ఉండేది. మూడు వానాకాలాలు తిరిగేసరికి కాగితం ఉబ్బి, గోధుమరంగు మచ్చలు పడ్డాయి.

వెనక థాయి అంకెలుంటే కంగారుపడకు. వాళ్ళది బుద్ధశకం. అందులోంచి 543 తీసేస్తే మన లెక్క వస్తుంది: 2515 అంటే 1972. చీటీ మీద దేశం పేరు కూడా చూడు. 1939లో సియాం థాయిలాండ్ అయింది. యుద్ధం తర్వాత కొన్నేళ్ళు మళ్ళీ సియాం అనే అన్నారు. 1949 నుంచి థాయిలాండే. కొట్లు పాత పేరు ముచ్చటకి వాడుకుంటాయి కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మకు.

ఇక బొమ్మలు. చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దేవాళ్ళం కదా, అదే పని. బ్యాంకాక్‌లోని వాట్ ఫో ఆలయంలో ఉపోసథ మందిరం (భిక్షువులకు దీక్ష ఇచ్చే ముఖ్యమందిరం) చుట్టూ 152 పాలరాతి పలకల మీద వాళ్ళ రామాయణం, రామకియెన్, చెక్కి ఉంది. థాయి రాజు మూడో రామ (పాలన 1824–51) ఆలయాన్ని బాగుచేయించిన కాలం నాటి అమరిక అది. యాత్రికులు కొనుక్కొచ్చే బొమ్మల్లో చాలావాటికి మూలం ఆ పలకలే. రాళ్ళు అరిగిపోతున్నాయని రుద్దడం మాన్పించారు. తర్వాత వచ్చినవి వాటి అచ్చుల మీద తీసినవి. రాయి వయసు కాగితానికి రాదు; "రెండొందల ఏళ్ళనాటిది" అని ఎవరన్నా అంటే నవ్వి ఊరుకో.

భూతద్దం పెట్టి చూడు. చేత్తో రుద్దినదైతే ఒకచోట ముదురుగా, ఒకచోట పలచగా ఉంటుంది. అంచు దాటిన గీతలు కనిపిస్తాయి. రంగు అంతటా ఒక్కతీరుగా, చుక్కలుగా ఉంటే ప్రెస్సులో వేసినది. కాగితంలో పొడవాటి నారపోగులు కనిపిస్తే అది అక్కడ మల్బరీ బెరడుతో చేసే 'సా' కాగితం అయ్యుండొచ్చు.

నువ్వు పంపిన మూడో బొమ్మలో తలల మీద తలలు, బోలెడు చేతులు ఉన్నాయే, అతను తోత్సకాన్, మన దశకంఠుడే. రెండోదాంట్లో కిరీటం లేకుండా నోరు తెరిచిన కోతి హనుమంతుడనుకుంటాను. సుగ్రీవుడికీ అంగదుడికీ కిరీటాలుంటాయి. చేపతోక అమ్మాయి ఎవరని అడిగావు. మన రామాయణంలో లేదులే. ఆమె సుపన్న మచ్చా, అంటే సువర్ణమత్స్య, రావణుడి కూతురు. వారధి రాళ్ళు ఎత్తుకుపోవడానికి వచ్చి హనుమంతుణ్ణి ప్రేమించింది. వాళ్ళకో కొడుకు కూడా! మీ అమ్మమ్మ వింటే చెవులు మూసుకునేది. ఆఖరి బొమ్మలో అప్సరసలు మాత్రం కంబోడియా అంకోర్ శిల్పాల పోలికలో ఉన్నారు. అవీ బ్యాంకాక్ కొట్లలో అమ్మేవాళ్ళు.

దాచడం కష్టం కాదు. తడిగుడ్డ, రబ్బరు తగలనీయకు; మైనపురంగు అంటుకుపోతుంది, బొగ్గు రాలిపోతుంది. లామినేషన్, సెల్లోటేపు వద్దే వద్దు. ఆమ్లం లేని అట్టల మధ్య, పల్చటి కాగితం పరిచి, బల్లపరుపుగా పెట్టు. పురుగులకని వేపాకు లోపల వేయకు, మరకలవుతాయి. కలరా ఉండలు కాగితానికి తగలకూడదు. గోడకు పెట్టాలనుంటే ఒక్కటే పెట్టు, అద్దం బొమ్మకు ఆనకుండా, ఎండ పడనిచోట, చెమ్మెక్కే బయటిగోడకు కాకుండా.

రాముడి బొమ్మ కదా అని పూజగదిలో పెట్టేవు సుమా. దీపం మసి, అగరుబత్తి పొగ ఆ కాగితానికి పట్టాయంటే వదలవు.

వెనకవైపు ఫొటోలు పగటి వెలుతురులో తియ్యి, ఫ్లాష్ వద్దు.

మీ మావయ్య